పొయ్యిరాయి సెట్టింగు

ఫోనులో ఒక వీడియో చూసి, కళ్లారా చూశామని గొంతు చించుకునే వాళ్లతో నాకు పడదు. కళ్లు మీవే, కాదనను. కానీ ఆ కళ్లకు ఏది కనిపించాలో, ఏది ముద్దయి మాయమవాలో మీకంటే ముందే ఒక కంప్యూటరు తేల్చేసింది. ఆ కంప్యూటరుకు ఎవడో ఒకడు ఒక అంకె చెప్పాడు. చాలా ఏళ్లు అలా అంకెలు చెప్పడమే నా పని. సిద్దిపేటలో, పెళ్లి వీడియోల దుకాణంలో.

ఉద్యమం రోజుల్లో అలాంటి ఒక అంకె ఒక ఆడమనిషిని జైలు గుమ్మం దాకా తీసుకుపోయింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఆ సంగతి వినాలి. వినకపోయినా చెబుతాను.

బడిలో నేను చదివింది తక్కువ. రేడియోలు విప్పి నేర్చుకున్నాను, తర్వాత వీసీఆర్‌లు, తల నెరిశాక కంప్యూటరు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు సూచనల్లో ఒక్కో మాటా తవ్వుకున్నాను. దుకాణంలో నన్ను మిక్సింగాయన అనేవాళ్లు. కెమెరామన్ తెచ్చిన టేపును కంప్యూటరులోకి ఎక్కించాలి, పాటలు కలపాలి, చివరికి మొత్తాన్నీ సీడీలో పట్టేంత చిన్నగా చేయాలి.

ఆ చిన్నగా చేయడంలోనే ఉంది తిరకాసు. వీడియో అంటే వరసగా బొమ్మలు. అన్నిటినీ పూర్తిగా దాచుకుంటే సీడీ చాలదు. అందుకని కంప్యూటరు ఒక బొమ్మను పూర్తిగా రాసుకుని, తర్వాతి బొమ్మల్లో మారినంత మేరకే రాసుకుంటుంది. గోడ కదలలేదు, వదిలెయ్. పెళ్లికూతురు తల వంచింది, అది రాసుకో. దృశ్యం మొత్తం మారిపోతే మాత్రం మళ్లీ కొత్తగా పూర్తి బొమ్మ రాయాలి. దృశ్యం మారిందని అది ఎంత తొందరగా అనుకోవాలో చెప్పేందుకు ఒక అంకె ఉంటుంది. అంకె పెంచితే చీమ కదిలినా ఉలిక్కిపడుతుంది. తగ్గిస్తే మొద్దునిద్ర పోతుంది.

మా దుకాణంలో దాన్ని నిద్రపుచ్చే ఉంచేవాళ్లం. పెళ్లిళ్లే దానికి కారణం. తలంబ్రాల దగ్గర ఫొటోగ్రాఫరు ఫ్లాష్ కొట్టిన ప్రతిసారీ కంప్యూటరు కొత్త దృశ్యం వచ్చిందనుకుని పూర్తి బొమ్మ రాసేది. ఉన్న చోటంతా ఆ తెల్లటి మెరుపులకే సరిపోయి, పెళ్లికూతురి ముఖం గళ్లుగళ్లుగా వచ్చేది. పెళ్లికూతురి ముఖం చెడితే ఇక దుకాణం మూసుకోవడమే. అందుకని అంకె బాగా దించి, ఆ సెట్టింగులన్నిటికీ కలిపి ‘పెళ్లి’ అని పేరు పెట్టి దాచాను. మా యజమానికి అది తెగ నచ్చింది. ఏ టేపు వచ్చినా దాన్నే నొక్కేవాడు. పుట్టినరోజైనా పెళ్లే, సంవత్సరీకమైనా పెళ్లే.

అప్పటికి మాది ఇంకా మెదక్ జిల్లానే. ఊళ్లో రోజుకొక బందు, రోజుకొక ధర్నా. ఆ వారం హైవే మీద వంటా వార్పు పెట్టారు. చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. రోడ్డు మధ్యలో రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, వచ్చిన వాళ్లందరికీ అక్కడే వడ్డిస్తారు. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి. మా కెమెరామన్ పొద్దున్నే పోయి రోడ్డు పక్కన స్టాండు పాతి తీయడం మొదలుపెట్టాడు. అతను ముస్లిం, నాకంటే బాగా చిన్నవాడు, నన్ను చాచా అనేవాడు. చేయి వణకని మనిషి.

ఆ రోజు నేను ఊళ్లో లేను. మేనకోడలి ఇంట్లో శుభకార్యమని రాయపోల్ పోయాను. టేపు పొద్దుపోయాక దుకాణానికి వస్తే, యజమాని తనే కంప్యూటరు ముందు కూర్చుని ‘పెళ్లి’ నొక్కి, సీడీ చేసి లోకల్ కేబుల్ చానెల్‌కు పంపాడు. చానెల్ వాళ్లు అందులోంచి ఒక ముక్క తీసి తెల్లారేదాకా తిప్పి తిప్పి చూపించారు.

ఆ ముక్కలో ఏముందంటే, పొయ్యి దగ్గర ఒకామె వంగి రెండు చేతులతో ఒక రాయి పైకెత్తుతుంది. ఎత్తిన చేతులు అలాగే కరిగి, వాటి వెనక నుంచి బస్సు అద్దం పగిలి కనిపిస్తుంది. నడుమ తెంపు లేదు. రాయి లేచింది, అద్దం పగిలింది. ఆ బస్సులో ప్రజ్ఞాపూర్ నుంచి వస్తున్న ఒక ముసలాయన నుదురు పగిలి దవాఖానలో ఉన్నాడు. కనుక కేసు గట్టిదే.

మరునాడు పొద్దున నేను దుకాణానికి వచ్చేసరికి మెట్ల మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. పత్తి మార్కెట్లో హమాలీ. ఆయన భార్యే ఆ రాయి ఎత్తిన మనిషి. సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. పెద్ద గిన్నెలు దించే చేయి ఉందని వంటా వార్పుకు ఆమెనే పిలుచుకుపోయారు. ఎప్పుడో తెల్లవారుజామున పోలీసులు తీసుకుపోయారు, సాయంత్రం మేజిస్ట్రేటు ముందు నిలబెడతారట. బడి నుంచి కూడా అప్పుడే కబురు వచ్చింది, కేసు పడ్డ మనిషి చేతి అన్నం పిల్లలకు పెట్టలేమని.

“అన్నా, మీ క్యాసెట్ల నా పెండ్లాం రాయి ఇసిరిందంటున్నరు. ఆమె ఇసర్లే. పోలీసోల్లు పొయ్యి తీయిమంటె రాయి పక్కకు పెట్టింది, గంతే. జర మంచిగ చూడుండ్రి” అన్నాడు.

ఆయన బతిమాలలేదు. గోడ వైపు చూస్తూ చెప్పాడు. అప్పటికే ఎందరికి చెప్పి వచ్చాడో.

నేను సీడీ వేసి చూశాను. రెండోసారి చూడగానే నా ఒళ్లు మండింది. అది ఒక దృశ్యం కాదు, రెండు. కెమెరామన్ అక్కడ కెమెరా ఆపి, మళ్లీ ఎప్పుడో మొదలుపెట్టాడు. స్టాండు కదపలేదు కాబట్టి అదే రోడ్డు, అదే టెంటు, అదే చెట్టు. ‘పెళ్లి’ సెట్టింగు ఉన్న కంప్యూటరు దాన్ని కొత్త దృశ్యంగా గుర్తించలేదు. పాత బొమ్మ మీదే కొత్తదాన్ని అతుకులు అతుకులుగా పూసుకుంటూ పోయింది. ఆ అతుకుల్లో ఆమె చేతులు బస్సు అద్దంలోకి కరిగాయి. నడుమ ఎంతసేపు గడిచిందో ఆ సీడీ చూసి ఎవరూ చెప్పలేరు. మా కెమెరాల్లో టైము ఎన్నడూ పెట్టి ఉండదు. బొమ్మ మీద తేదీ పడితే పెళ్లివాళ్లు ఊరుకోరు.

యజమానికి చెప్పాను. ఆయన వినలేదు. కేబుల్ వాళ్లతో, పోలీసులతో మనకెందుకు పంచాయితీ అన్నాడు. ఆమె ఎత్తింది రాయా, కాదా అని అడిగాడు. రాయే అన్నాను. మరింకేంది అన్నాడు. ఊరంతా ఆ మాటే. రాయే కదా, మరింకేంది.

స్టేషనుకు ఫోను చేసి ఎస్సైతో మాట్లాడాను. అసలు టేపు తెస్తాను, కెమెరాలో పెట్టి చూపిస్తాను అన్నాను. ఆయన విసుగు దాచుకోకుండా చెప్పాడు. కెమెరాను కేసు ఫైలుకు కుట్టలేనని, తెస్తే సీడీ తెమ్మని, అందులో టేపు మొత్తం ఉండాలని, ఒక్క ముక్క తగ్గినా నువ్వే కత్తిరించావంటానని. సాయంత్రం కోర్టుకు బయల్దేరే ముందే రావాలని.

సరే, టేపు ఏది? అరల్లో లేదు. మా దుకాణం పద్ధతి చెబితే మీరు నమ్మరు. సీడీ అయిపోగానే టేపును వెనక్కి తిప్పి మళ్లీ వాడేవాళ్లం, అరిగి గీతలు పడేదాకా. ఆ టేపు ఆ పొద్దునే కెమెరామన్ సంచిలో కొమురవెల్లి పెళ్లికి పోయింది.

ఫోను చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. పెళ్లి డప్పుల్లో ఏం వినిపిస్తుంది? బస్సులు లేవు, ఆ రోజు నుంచి సమ్మె. నా మోపెడ్ తీశాను. హమాలీ వెనక కూర్చున్నాడు. దారిలో ముళ్లకంప అడ్డం వేసి ఉద్యమంలో ఉన్న మా వాళ్లే ఆపారు. ఏ బండీ పోనిచ్చేది లేదన్నారు. నేను కోపంతో ఏదో అనబోయాను. ఈలోగా హమాలీ దిగి, తన భార్య ఎవరో చెప్పాడు. వాళ్లు ఒకరి మొఖాలు ఒకరు చూసుకున్నారు. అందరూ టీవీ చూసినవాళ్లే. ఒకడు మాత్రం, రాయి మంచిగ ఏసింది మీ ఆమె, అన్నాడు మెచ్చుకోలుగా. హమాలీ కంప పక్కకు లాగాడు. పగవాడి నింద కంటే ఆ మెచ్చుకోలే ఆయనకు ఎక్కువ తగిలి ఉంటుంది.

కొమురవెల్లిలో జాతర రోజులు. బండారి పసుపుతో మనుషులు, గోడలు, మెట్లు అన్నీ ఒకే రంగు. సత్రంలో పీటల మీద పెళ్లికొడుకు కూర్చున్నాడు, అడ్డంగా తెర పట్టారు. మా కెమెరామన్ కంటికి కెమెరా ఆనించి ఉన్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను, నిన్నటి టేపు ఏదని.

కెమెరా దించకుండానే అన్నాడు: “గదే లోపల నడుస్తుంది చాచా. ఎదురుకోళ్ల కాడ్నుంచి గదే.”

టేపు మొదటి నుంచి చెరిగిపోతూ వస్తోంది. పొయ్యిలు పెట్టడం, ఉపన్యాసాలు పోయి ఉంటాయి. పోతే పోయాయి. రాయి ఎత్తే చోటు దాకా వచ్చిందా, లేదా? ఆపితే గాని తెలియదు. ఆపితే జీలకర్ర బెల్లం పోతుంది. సంచిలో వేరే టేపు లేదు, అదీ మా యజమాని పొదుపే.

ఆపు అన్నాను. అతను ఆపాడు, ఎందుకని అడగకుండా. పెళ్లికూతురి తండ్రి అది చూసి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. కండువా భుజాన, కళ్లు ఎర్రగా. ఈ గడియ మళ్లీ వస్తుందా, మా బిడ్డకు మళ్లీ పెళ్లి చేయాలా అని కేకలేశాడు. తప్పు ఆయనది కాదు. నేను సీను, టేపు, అంకె అని ఏదో గొణిగాను. నాకే అర్థం కాలేదు.

కెమెరామన్ నన్ను పక్కకు జరిపాడు. “పటేలా, నిన్న రోడ్డు మీద వండిన వంటామె లేదా, ఆమె కేసు గీ టేపుల ఉన్నది. గిది ఇయ్యకపోతే పొద్దుగూకెసరికి ఆమెను లోపలేస్తరు. గీయన ఆమె పెనిమిటి.”

పెళ్లికూతురి తండ్రి హమాలీ వైపు చూశాడు. ఆయన బండారి అంటిన చేతులు జోడించి నిలబడ్డాడు. అయ్యగారు మంత్రం నడుమ ఆగి చూస్తున్నాడు.

“ఆ అన్నం నేను తిన్న” అన్నాడు తండ్రి. “తీస్కపోండ్రి. నా బిడ్డ పెండ్లి నేను చూసిన, సాలు” అన్నాడు. తెర దగ్గరికి వెళ్లిపోయాడు.

దుకాణానికి తిరిగి వచ్చి, మూలన ఉన్న పాత కెమెరాలో టేపు పెట్టాను. ఎదురుకోళ్లు వచ్చాయి, పెళ్లికొడుకు కాళ్లు కడగడం వచ్చింది, తెర వచ్చింది. తర్వాత గరగరమని గీతలు. గీతల వెనక రోడ్డు. ఉడుకుతున్న గిన్నె. ఆమె ఇంకా రాయి ఎత్తలేదు. హమాలీ అప్పటిదాకా పట్టుకున్న కుర్చీ వీపు వదిలేశాడు.

పని అయిపోయిందనుకున్నాను. అప్పుడే మొదలైంది. ఇంత పొడుగు టేపు ఒకే సీడీలో పట్టాలి, ఒక్క ముక్క తీయకూడదు. ‘పెళ్లి’ని పక్కన పెట్టి అంకె బాగా పెంచాను, తెంపు తప్పకుండా పట్టుకోవాలని. చిన్న ముక్క చేసి చూశాను. తెంపు పట్టుకుంది. దానితో పాటు ప్రతిదాన్నీ పట్టుకుంది. లెన్సు ముందు జెండా ఊగితే కొత్త దృశ్యం, పొయ్యి పొగ లేస్తే కొత్త దృశ్యం. ఉన్న చోటంతా జెండాలు తినేశాయి. ఆమె ముఖం గళ్లు, చేతిలో రాయి ఎర్రటి ముద్ద. పైగా బొమ్మ అడుగడుక్కీ ఎగిరిపడుతోంది. ఇది తీసుకుపోతే ఎస్సై చెప్పిన మాటే నిజమవుతుంది, వంద చోట్ల కత్తిరించానని.

తగ్గించాను. తెంపు మళ్లీ కరిగిపోయింది. కొంచెం పెంచాను. జెండా. కొంచెం తగ్గించాను. మధ్యలో కరెంటు పోయి వచ్చింది. బయట ఎండ వాకిట్లోకి దిగుతోంది. యజమాని గుమ్మంలో నిలబడి, పెళ్లివాళ్లకు ఇప్పుడు ఏం మొఖం చూపించాలని అడుగుతున్నాడు. నేను తిరిగి చూడలేదు. ఒక అంకె దగ్గర జెండాను వదిలేసి తెంపును పట్టుకుంది. ఆమె చేతులు ఒక బొమ్మలో ఉన్నాయి, తర్వాతి బొమ్మలో లేవు. బస్సు శుభ్రంగా, విడిగా వచ్చింది.

రెండు దృశ్యాలని తేలింది. కానీ నడుమ గడిచింది రెప్పపాటే అంటే? ఆమె రాయి విసిరాకే కెమెరా మళ్లీ ఆన్ చేశారంటే? మళ్లీ వెనక్కి తిప్పి చూశాను.

వెనక నుంచి హమాలీ కంప్యూటరు తెర మీద వేలు పెట్టాడు. “నీడ చూడన్నా. ఆమె రాయి లేపినప్పుడు టెంటు గుంజ నీడ గుంజ కాళ్ల కాడ్నే ఉన్నది. బస్సు కాడికొచ్చెసరికి గీడిదాంక పారింది.”

రోజంతా ఎండలో బస్తాలు మోసే మనిషికి నీడే గడియారం. ఇందాకటి సీడీలో ఆ నీడ అతుకుల కింద మెల్లగా జారింది, అందుకే ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు ఒక్కసారిగా ఇక్కడి నుంచి అక్కడికి గెంతింది. రాయి ఎత్తింది నడిపొద్దున, అద్దం పగిలింది సాయంత్రం.

స్టేషను ముందు జీపు స్టార్టు చేసి ఉంది. ఎస్సై సీడీ తీసుకుని లోపలి గదిలో వేశాడు. ముందు పెళ్లి వచ్చేసరికి నా వైపు ఒక చూపు చూశాడు. టేపు మొదలు పెళ్లి కింద చెరిగిపోయిందని చెప్పాను. తెంపు దగ్గరికి రాగానే, ఇది నువ్వే కత్తిరించావేమో అన్నాడు. నాకు నోరు ఆగలేదు. సారూ, కత్తిరించగలను గానీ పొద్దును జరపలేను కదా, నీడ చూడండి అన్నాను. ఆయన వెనక్కి తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. నీడ కోసమే తిప్పుతున్నాడనుకున్నాను. కాదు. బొమ్మను ఆపి, ముఖం తెరకు దగ్గరగా పెట్టాడు.

“కొంగు చుట్టింది” అన్నాడు మెల్లగా. “కాలుతున్న రాయి. మా అవ్వ గూడ గిట్లనే దించేది పొయ్యిరాళ్లు.”

నేను పొద్దుటి నుంచి తెంపు వెంట పడి దాన్ని చూడనేలేదు. ముద్దగా ఉన్నంతసేపు అది చెయ్యి, రాయి. గళ్లు పోయాక అది మడతలు పెట్టి చుట్టిన చీర కొంగు. విసరాలనుకున్న మనిషి రాయికి గుడ్డ చుట్టదు. అంతకు ముందు అదే పొయ్యి మొదటి రాయిని ఆమె అలాగే పట్టి రోడ్డు దాటించి మట్టిలో పెట్టి, కొంగు విదిల్చి దులుపుకోవడం కూడా అందులో ఉంది. చానెల్ వాళ్ల ముక్క దాని తర్వాతే మొదలవుతుంది.

ఎస్సై బయటికి పోయి జీపు ఆపించాడు. ఎవరెవరికో ఫోన్లు చేశాడు. చాలాసేపు ‘సార్, సార్’ అన్న మాటే వినిపించింది. తర్వాత ఆమెను పిలిపించి, ఆ బొమ్మ ఆమెకూ చూపించమని నాతో అన్నాడు. ఆమె తెర ముందు నిలబడి చూసింది. రాయి చూడలేదు, బస్సు చూడలేదు.

“అందరు నన్నే చూసిన్రు గని, అన్నం గిన్నె ఒక్కలన్న దించిన్రా? పొయ్యి కూలగొట్టుమన్నరు, గిన్నె ఏడ వెట్టాలె?” అంది.

ఎస్సై నవ్వు ఆపుకోవడానికి టోపీ సర్దుకున్నాడు. ఆమెను ఆ రాత్రి ఇంటికి పంపారు. తర్వాత ఆమె పేరు కేసులోంచి తీసేశారు. బస్సు మీద రాయి వేసింది ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.

ఇక్కడితో అయిపోయిందని మీరనుకుంటారు. నేను అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. తప్పు ముక్కను తెల్లారేదాకా తిప్పిన చానెల్, సరైనదాన్ని ఒక్కసారి కూడా వేయలేదు. సీడీ చేతికిస్తే, అందులో ఏముందండీ చూడటానికి అన్నారు. నిజమే. ఒకామె వేడి రాయిని కొంగుతో పట్టి పక్కన పెడుతుంది, అందులో చూడటానికి ఏముంది? బడి వాళ్లు ఆమెను తిరిగి తీసుకోవడానికి ఎండాకాలం సెలవులు దాటాయి. ఆ మధ్యకాలం ఆమె ఇంట్లో ఏం వండుకుందో ఎవరూ అడగలేదు. కొమురవెల్లి పెళ్లికూతురికి తన జీలకర్ర బెల్లం వీడియో లేదు. అడ్డుతెర దగ్గర ఆగిపోయి, వెంటనే రోడ్డు మీద వంట మొదలవుతుంది. ఆ సీడీ ఒకటి తమకూ కావాలని ఆమె తండ్రే అడిగి తీసుకుపోయాడు. యజమాని నాతో చాలా రోజులు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఆ అంకెను మాత్రం చెరపనివ్వలేదు. ‘పెళ్లి’ కింద ఇంకో పేరు చేర్చాను, ‘పొయ్యిరాయి’ అని. పెళ్లి కాని ఏ టేపు వచ్చినా ముందు ఒక ముక్క చేసి, చూసి, తర్వాతే నొక్కాలని గోడ మీద రాసి పెట్టాను.

రాష్ట్రం వచ్చిన రోజుల్లో అదే రోడ్డు మీద మళ్లీ పొయ్యిలు వెలిగాయి, ఈసారి పండుగకు. అదే చానెల్ నుంచి ఒకాయన మైకు పట్టుకుని వంటామె దగ్గరికి వచ్చాడు. అప్పట్లో ఎత్తినట్టే ఒక్కసారి రాయి ఎత్తమ్మా, జ్ఞాపకంగా ఉంటుంది అన్నాడు. ఆమె గరిటె ఆపకుండా జనంలో నా కోసం వెతికింది. నన్ను చూసింది.

“అన్నా, రేపు దుకాన్ల ఉంటవా, ఆనాటి లెక్క ఏడికన్న ఫంక్షనుకు పోతవా? నువ్వు ఉంటెనే ఎత్తుత, లేకుంటె గీయనను గిన్నె దించుమను” అంది.

ఉంటాను అన్నాను. ఆమె అయినా ఎత్తలేదు. కొంగు నడుముకు చుట్టుకుని, మైకాయన చేతికి గిన్నె అంచు అందించింది.